శుక్రవారంలో క్రావడి కనబడాలి: ఒక గ్రంథాలయంలో ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్ కేస్ స్టడీ

మండల కేంద్రంలో ఒక శాఖా గ్రంథాలయం. అందులో ఆరు కంప్యూటర్లు. పొద్దున్నే పేపర్ చదవడానికి వచ్చే పెద్దవాళ్లు, పదింటి నుంచి గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు, సాయంత్రం హాల్‌టికెట్ ప్రింట్ తీసుకోవడానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు, అందరికీ అవే ఆరు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ మెషిన్లలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, ప్రాసెసర్లు పాతవి, కాబట్టి విండోస్ 11 అడిగే అర్హతలు వీటికి లేవు. అయితే ర్యామ్ 4 జీబీ ఉంది, డిస్కులు ఆరోగ్యంగా ఉన్నాయి. పారేయాల్సిన సామాను కాదు. డెబియన్ 13 అనే లినక్స్ ఎక్కించి, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20 డెస్క్‌టాప్ పెట్టాం. ఆ ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు పని ఆ తర్వాత ప్యానెల్ దగ్గర మొదలైంది.

ప్యానెల్ అంటే విండోస్ వాళ్లు టాస్క్‌బార్ అనే పట్టీ. ఇంట్లో సొంత కంప్యూటర్ వాడేవాళ్లకు అది అలంకారం కావచ్చు. రంగులు మారుస్తారు, పారదర్శకంగా చేస్తారు, స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ చూపిస్తారు. అందులో తప్పేం లేదు, నేనూ ఇష్టంగా చేసే పనే. కానీ ఇరవై నిమిషాలు కూర్చుని లేచి వెళ్లిపోయే మనిషికి ఆ పట్టీయే మొత్తం కంప్యూటర్. ఎక్కడ నొక్కాలి, తెరిచింది ఎక్కడికి పోయింది, టైమెంత, ప్రింట్ వెళ్లిందా లేదా, ఇవన్నీ అతను వెతికేది అక్కడే. అందుకే ఈ గ్రంథాలయంలో వాల్‌పేపర్, థీమ్, ఐకాన్ల సంగతి పక్కన పెట్టి ప్యానెల్ ఒక్కదాని మీదే కూర్చున్నాం.

ముందు వెనక నిలబడి చూడటం

ఏదీ మార్చకముందు లైబ్రేరియన్ మేడమ్‌ని అడిగి, వచ్చినవాళ్లు ఎలా వాడుతున్నారో వెనక నుంచి గమనించాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ మొదటి అమరికలో రెండు ప్యానెళ్లు ఉంటాయి. పైన 26 పిక్సెళ్ల పట్టీ, కింద 48 పిక్సెళ్ల ఐకాన్ల వరుస. కింది వరుస ఏదైనా విండో తన మీదకు రాగానే తప్పుకుంటుంది. తెలిసినవాళ్లకు అది సౌకర్యమే. ఇక్కడ మాత్రం బ్రౌజర్ పెద్దది చేయగానే ఐకాన్లు మాయమయ్యేవి, కూర్చున్నవాళ్లు చుట్టూ చూసేవాళ్లు. ఇక బ్రౌజర్ ఐకాన్. అక్కడున్నది ఫైర్‌ఫాక్స్. ఆ బొమ్మ చాలామందికి పరిచయం లేదు. దాదాపు ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "మేడమ్, గూగుల్ ఎక్కడుంది?"

వీటన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మౌస్ చక్రం. ఎక్స్‌ఎఫ్‌సీఈలో మామూలుగా నాలుగు వర్క్‌స్పేస్‌లు, అంటే ఒకే మానిటర్ మీద మార్చుకుంటూ వాడే విడివిడి తెరలు, ఉంటాయి. డెస్క్‌టాప్ ఖాళీ భాగం మీద పాయింటర్ ఉన్నప్పుడు చక్రం తిప్పితే పక్క వర్క్‌స్పేస్‌కి వెళ్లిపోతుంది. ఒకమ్మాయి ఉద్యోగం అప్లికేషన్ నింపుతోంది. విండో తెర మొత్తం లేదు, పాయింటర్ పక్కకు జారింది, పేజీ కిందకి జరపబోయి చక్రం తిప్పింది. తెర ఖాళీ అయింది. "నా అప్లికేషన్ పోయింది మేడమ్, డబ్బులు కూడా కట్టేశాను" అంటూ లేచి నిలబడింది. విండో ఎక్కడికీ పోలేదు, పక్క వర్క్‌స్పేస్‌లో భద్రంగా ఉంది. కానీ ప్యానెల్‌లోని విండో బటన్లు, మామూలు సెట్టింగ్‌లో, ఇప్పుడున్న వర్క్‌స్పేస్ విండోలను మాత్రమే చూపిస్తాయి. ఆ అమ్మాయికి ఆధారం దొరకాల్సిన చోటే ఏమీ కనబడలేదు.

దీనికి మందు ఐదు నిమిషాల పని. వర్క్‌స్పేస్‌లను ఒక్కటి చేశాం. విండో మేనేజర్ ట్వీక్స్‌లో చక్రంతో వర్క్‌స్పేస్ మారే టిక్కు తీసేశాం. ప్యానెల్ మీద వర్క్‌స్పేస్‌లను చూపించే పేజర్ గళ్లను తొలగించాం. విండో బటన్లలో అన్ని వర్క్‌స్పేస్‌ల విండోలనూ చూపించమని కూడా పెట్టాం, రేపెవరైనా వర్క్‌స్పేస్ పెంచినా ఈ గాభరా తిరిగి రాకుండా. కింది ప్యానెల్‌ని పూర్తిగా తీసేసి, పైనున్న పట్టీని కిందకి దించాం. విండోస్ అలవాటున్న చేతులు కిందే వెతుకుతాయి. ఆ అలవాటుతో పోట్లాడి సాధించేదేమీ లేదు.

అక్షరం కొలత

అసలు విషయం ఇక్కడుంది. రోజూ పేపర్ కోసం వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, గడియారం తెలుగులో పెట్టామని సంతోషపడి దగ్గరికొచ్చి చూశారు. కళ్లజోడు సర్దుకుని, "బాబూ, శుక్రవారంలో క్రావడి ఏది? ఇక్కడ శుకవారం అని ఉంది" అన్నారు. నిజమే. 26 పిక్సెళ్ల పట్టీలో "క్ర" కింది భాగం తెగిపోయింది. మిగతా రోజులు బాగానే కనబడ్డాయి కాబట్టి మామూలుగా చూసిపోయేవాళ్ల కంటికి ఇది ఆనదు. ఫిబ్రవరి వచ్చేవరకు ఆగితే అదీ "ఫిబవరి" అయ్యేది.

ఇలా ఎందుకవుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ప్యానెల్ సెట్టింగుల మీద దొరికే సలహాల్లో చాలావరకు రోమన్ లిపిని మనసులో పెట్టుకుని రాసినవే. రోమన్ అక్షరం కిందకి దిగితే ఒక చిన్న తోక దిగుతుంది. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద ఇంకో వత్తు. స్త్రీ, రాష్ట్రం, శాస్త్రి లాంటి మాటల్లో అక్షరం రెండు అంతస్తులు కిందకి దిగుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అక్షరాలను పేర్చే లైబ్రరీ ప్యాంగో. ఒక లైన్‌కి ఎంత ఎత్తు కావాలో అది ఫాంట్ తన గురించి తాను చెప్పుకున్న లెక్క ప్రకారం తీసుకుంటుంది, ఆ లైన్‌లో ఏ అక్షరాలున్నాయో చూసి కాదు. ఫాంట్ తక్కువ చెప్పుకుంటే వత్తు ఆ గీత దాటి తెగుతుంది. ఉదారంగా ఎక్కువ చెప్పుకుంటే లైన్ ఎత్తు పెరిగి సన్న పట్టీలో పట్టదు. రెండు విధాలా నష్టం కిందనున్న వత్తుకే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే లైన్‌లో ఇంగ్లీషూ తెలుగూ కలిస్తే రెండు ఫాంట్లలో ఏది ఎత్తైనదో లైన్ ఆ ఎత్తు తీసుకుంటుంది. విండో బటన్లలో పక్కపక్కనే ఒకటి పూర్తి ఇంగ్లీష్ పేరు, ఒకటి తెలుగు పేరు ఉంటే అక్షరాలు ఒకే గీత మీద కూర్చోవు. కొంచెం పైకీ కిందకీ అవుతాయి. దీన్ని పూర్తిగా పోగొట్టే దారి నాకు కనబడలేదు. కానీ రెండు లిపులకూ ఒకే కుటుంబం ఫాంట్ పెడితే తేడా కంటికి ఆనదు.

అందుకే ముందు ఫాంట్ తేల్చుకున్నాం. డెబియన్‌లో తెలుగు ఫాంట్లకు కొరత లేదు. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, తెలుగు విజయం పేరుతో ఉన్న ప్యాకేజీలో మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటి ఎన్నో ఉన్నాయి. మండలి నాకు చాలా ఇష్టమైన ఫాంట్, పేజీ నిండా వ్యాసం చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ప్యానెల్‌లో అది అడిగే ఎత్తు ఎక్కువ. లోహిత్ చిన్న సైజులో ఆ మానిటర్ల మీద సన్నబడింది. నోటో సాన్స్, నోటో సాన్స్ తెలుగు జతగా పెడితే గీతల మందం కలిసింది. పట్టీకి అదే ఖాయం చేశాం. సైజు 11 పాయింట్లు. బోల్డ్ మాత్రం వాడలేదు. ఈ సైజులో తెలుగు బోల్డ్ చేస్తే తలకట్టుకీ అక్షరానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ పూడుకుపోతుంది.

ఫాంట్ ఎంచుకుంటే చాలదు, ఆరు మెషిన్లూ అదే ఫాంట్ తీసుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఫాంట్ పేరు "సాన్స్" అని ఉంటే తెలుగు అక్షరం ఏ ఫాంట్‌లో రావాలో నిర్ణయించేది ఫాంట్‌కాన్ఫిగ్. తెలుగు ఫాంట్లు చాలా ఉన్నప్పుడు ఒక్కో మెషిన్‌లో ఒక్కోటి ముందుకు రావచ్చు. ఈటీసీ ఫోల్డర్ కింద ఫాంట్స్‌లో ఉండే లోకల్ కాన్ఫ్ ఫైల్‌లో సాన్స్‌కి మొదట నోటో సాన్స్, వెంటనే నోటో సాన్స్ తెలుగు అని రాసి, ఎఫ్‌సీ-మ్యాచ్ కమాండ్‌తో తెలుగు భాష అడిగి ఆరింటిలోనూ ఒకే జవాబు వస్తోందని సరిచూసుకున్నాం.

ఇక ఎత్తు. దీన్ని అంచనాతో పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మౌస్‌ప్యాడ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో నాలుగు ఖాళీ ఫైళ్లు తెరిచి వాటికి "స్త్రీ శిశు సంక్షేమం", "రాష్ట్ర చరిత్ర", "శుక్రవారం", "కర్తృత్వం" అని పేర్లు పెట్టి సేవ్ చేశాను. ఆ పేర్లు విండో బటన్ల మీదకి వస్తాయి. అప్పుడు ప్యానెల్ ప్రిఫరెన్సెస్‌లో రో సైజును 26 నుంచి రెండేసి పిక్సెళ్లు పెంచుకుంటూ, ప్రతిసారీ ఆ నాలుగు మాటల అడుగు భాగం చూశాను. 36 దగ్గర క్రావడి పూర్తిగా వచ్చింది. "స్త్రీ"లో అడుగు వత్తు మాత్రం బటన్ అంచుకు ఆనుకుని ఇరుగ్గానే ఉంది. 40 దగ్గర దానికి కింద కొంచెం గాలి ఆడింది. 40 దగ్గరే ఆగాం.

ఆ మానిటర్లు 1366×768. నిలువు పిక్సెళ్లు తక్కువున్న తెరలో పట్టీని లావు చేస్తే పేజీ చదివే చోటు పోతుందన్న భయం న్యాయమైనదే. కానీ లెక్క చూడండి. మొదటి అమరికలో 26కి 48 కలిపితే 74 పిక్సెళ్లు, 768లో దాదాపు 9.6 శాతం. ఒక్క ప్యానెల్ 40 అంటే 5.2 శాతం. కింది వరుస అప్పుడప్పుడు తప్పుకునేది కాబట్టి లాభం ఎప్పుడూ అంత ఉండదు, నిజమే. అయినా చదవగలిగే ఒక పట్టీ, చదవలేని రెండు పట్టీల కంటే తక్కువ చోటే తింటోంది.

ఎత్తు పెంచగానే ఐకాన్లు కూడా తమంతట తాము పెరుగుతాయి. అపియరెన్స్ ట్యాబ్‌లో ఐకాన్ సైజు ఆటోమేటిక్ అని ఉంటుంది. ఆ టిక్కు తీసి 24 అని పెట్టాం. పెరిగిన ఎత్తు అక్షరానికి దక్కాలి, ఐకాన్‌కి కాదు.

రంగు

రంగు దగ్గర నా ఇష్టం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.16 నుంచి ప్యానెల్‌కి విడిగా డార్క్ మోడ్ ఉంది, చూడటానికి బావుంటుంది. కానీ పొద్దున వచ్చేవాళ్లలో శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, అవ్వాల్సినవాళ్లు ఉన్నారు. నల్లటి పట్టీ మీద తెల్ల తెలుగు అక్షరం, అందులోనూ సన్నటి వంపులు, వాళ్లకు చుట్టూ వెలుగు చెదిరినట్టు కనబడుతోందని చెప్పారు. డార్క్ మోడ్ తీసేసి, ఎరుపు 245, ఆకుపచ్చ 240, నీలం 225 కలిపిన లేత మీగడ రంగు నేపథ్యంగా, మూడూ 30గా ఉన్న నలుపు అక్షరాలకు పెట్టాం. మామూలు సైజు అక్షరానికి కనీసం 4.5కి 1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు చెబుతాయి. ఇది దానికి మూడింతలకు పైనే.

పారదర్శకత పూర్తిగా మానేశాం. వెనక వాల్‌పేపర్ ఏ రంగులో ఉంటుందో తెలియనప్పుడు అక్షరం ఎంత కనబడుతుందో హామీ ఇవ్వలేం. పైగా దానికి విండోలను ఒకదాని మీద ఒకటి కలిపి గీసే కంపోజిటర్ నడవాలి, ఈ పాత గ్రాఫిక్స్ మీద ఆ భారం అనవసరం.

ఇప్పుడు ఏ విండోలో ఉన్నామో చూపించడం మరో పని. థీమ్ ఇచ్చే తేడా చాలా మెత్తగా ఉంది. కాస్త ముదురు బూడిద పక్కన కాస్త లేత బూడిద. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్, బటన్లూ మెనూలూ గీసే జీటీకే 3 అనే లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి, వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్‌ఎస్‌తోనే దీన్నీ దిద్దొచ్చు. హోమ్‌లోని, అంటే యూజర్ సొంత ఫోల్డర్‌లోని, దాచిన కాన్ఫిగ్ ఫోల్డర్‌లో జీటీకే-3.0 కింద ఉండే సీఎస్‌ఎస్ ఫైల్‌లో, ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అనే క్లాస్‌లో ఉన్న బటన్లలో చెక్డ్ స్థితిలో, అంటే ఇప్పుడు వాడుతున్న విండోగా, ఉన్నదానికి కింద మూడు పిక్సెళ్ల ముదురు నీలం గీత గీయమని రాశాం. రంగు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు కూడా గీత ఉందా లేదా అన్నది తెలుస్తుంది. క్లాస్ పేరు లేకుండా ఉత్త బటన్ అని రాస్తే డెస్క్‌టాప్‌లోని జీటీకే 3 ప్రోగ్రామ్‌లన్నిటి బటన్లకూ గీత పడుతుంది, ఆ పేరు ముందు పెట్టడం తప్పనిసరి. మూడు పిక్సెళ్ల గీత వచ్చాక ఎత్తును ఇంకోసారి ఆ నాలుగు మాటలతో సరిచూశాం. 40 నిలబడింది.

లేత నేపథ్యం పెట్టగానే ప్యానెల్ మీద చిన్న గుర్తులుండే ట్రేలో ఒక తంటా బయటపడుతుంది. నల్ల పట్టీ కోసం తెల్లగా గీసిన ఐకాన్లు కనబడకుండా పోతాయి. సింబాలిక్ తరహా ఐకాన్లకు ప్యానెల్ అక్షరాల రంగే వస్తుంది కాబట్టి బెంగలేదు. టైపింగ్ భాష మార్చే ఐబస్ ప్రోగ్రామ్ కీబోర్డ్ గుర్తు మాత్రం తన రంగు తానే పెట్టుకుంటుంది, దాన్ని ఐబస్ ప్యానెల్ సెట్టింగుల్లో విడిగా మార్చాలి. తెలుగు టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఒకటి, ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే పద్ధతి ఒకటి, రెండూ ఉంచాం.

బొమ్మకు బదులు మాట

"గూగుల్ ఎక్కడుంది" అన్న ప్రశ్నకు జవాబు లాంచర్‌లో, అంటే ప్రోగ్రామ్ తెరిచే ప్యానెల్ బటన్‌లో, ఉంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంచర్ సెట్టింగుల్లో, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, ఐకాన్ బదులు లేబుల్ చూపించే టిక్కు ఉంటుంది. ఏదో ఒకటే, ఐకాన్, పేరు రెండూ కలిపి చూపించే ఏర్పాటు లాంచర్‌లో లేదు. ఇది నిజంగా ఒక లోటు, ఎప్పటికైనా చేర్చాలని కోరుకుంటాను. రెంటిలో ఒకటి ఎంచుకోవాలంటే ఈ చోటుకి మాటే సరైనది. ఇంటర్నెట్, నా ఫైళ్లు, పెన్‌డ్రైవ్, రాసుకోవడానికి. ఈ నాలుగూ ఎడమవైపు. కుడి చివర "పని అయిపోయింది". మధ్యలో విండో బటన్లు.

పేర్లు పెట్టేటప్పుడు మేడమ్ మాటే ప్రమాణం. "బ్రౌజర్ అంటే సగం మందికి తెలీదు, ఇంటర్నెట్ అంటే అందరికీ తెలుసు" అన్నారు. డాక్యుమెంట్లు రాసే ప్రోగ్రామ్‌కి రైటర్ అన్న దాని పేరే రాస్తే ఎవరో రచయిత అనుకుంటారని, "రాసుకోవడానికి" అని ఆవిడే సూచించారు.

మొత్తం డెస్క్‌టాప్‌నే తెలుగులోకి మార్చవచ్చు కదా అని అడగొచ్చు. మార్చి చూపించాం కూడా. పరీక్షలకు చదివే పిల్లలే వద్దన్నారు. వాళ్లు కంప్యూటర్ పాఠంలో నేర్చుకున్నవి ఫైల్, సేవ్ యాజ్, ప్రింట్ అన్న పేర్లు. మెనూలో వేరే మాట కనబడితే ఆగి ఆలోచించాల్సి వస్తోంది. వాళ్ల మాటలో న్యాయముంది. అందుకని భాష ఇంగ్లీష్ ఇండియాగానే ఉంచి, తేదీ సమయాలకు సంబంధించిన ఎల్‌సీ_టైమ్ ఒక్కదాన్ని తెలుగుకి మార్చాం. దాంతో గడియారంలో వారం పేరు తెలుగులో వస్తుంది, మెనూలు ఇంగ్లీష్‌లో ఉంటాయి. ఇక్కడ లాంచర్ పేర్ల విషయంలో ఒక మెలిక ఉంది. లాంచర్ వివరాలుండే డెస్క్‌టాప్ ఫైల్‌లో తెలుగుకి విడిగా పేరు రాసే వరుస ఉంటుంది, కానీ డెస్క్‌టాప్ భాష ఇంగ్లీష్‌గా ఉన్నప్పుడు ఆ వరుసను చదవదు. తెలుగు పేరును నేరుగా అసలు పేరు ఉండే వరుసలోనే రాయాలి.

గడియారానికి డిజిటల్ లేఅవుట్ తీసుకున్నాం. దాంట్లో తేదీ, సమయం రెండు వరుసలుగా పెట్టుకోవచ్చు. తెలుగుకి రెండు వరుసలంటే ఎత్తు 40 చాలదు. అందుకని వారం, తేదీ, టైమ్ ఒకే వరుసలో. రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు అందరూ తేదీ కోసం అక్కడికే చూస్తారు కాబట్టి దాన్ని మౌస్ పెడితేనే కనబడేలా దాచడం మాకు నచ్చలేదు.

ప్రింట్ సంగతి కూడా ప్యానెల్ మీదకే తెచ్చాం. ప్రింటర్ నెమ్మదిగా ఉంటే నొక్కినవాళ్లే మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఒక్క హాల్‌టికెట్‌కి ఐదు కాపీలు వస్తాయి, కాగితం గ్రంథాలయానిది. జెన్‌మాన్ అనే ప్లగిన్ ఏదైనా కమాండ్‌ని కొన్ని సెకన్లకోసారి నడిపి, వచ్చిన మాటను ప్యానెల్ మీద చూపిస్తుంది. ప్రింట్ వరుసలో ఎన్ని పనులు వేచి ఉన్నాయో ఎల్‌పీస్టాట్ కమాండ్ చెబుతుంది. రెండూ కలిపి "ప్రింట్: 2" అని చూపించాం, ఏమీ లేనప్పుడు ఖాళీ. తాను నొక్కింది వరుసలో ఉందని కళ్లకు కనబడితే మనిషి ఆగుతాడు. ఈ చిన్న ముక్కకి వచ్చినంత మెప్పు మిగతా దేనికీ రాలేదు, మేడమ్ కాగితాల ఖర్చు గురించి ఎప్పటినుంచో టెన్షన్ పడుతున్నారు.

తాళం, తుడుపు

పదిమంది వాడే మెషిన్‌లో ప్యానెల్‌ని ఎంత బాగా అమర్చినా కుడి క్లిక్ చేసి రిమూవ్ అంటే పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో లాక్ ప్యానెల్ అనే టిక్కు ఉంది. దాన్ని చూసి తాళం పడిందనుకోవద్దు. అది పట్టీని పక్కకి లాగకుండా మాత్రమే ఆపుతుంది, ఐటమ్స్ తీసేయకుండా ఆపదు.

నిజమైన తాళం ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులను దాచే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌లో ఉంటుంది. ప్యానెల్ సెట్టింగులన్నీ ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. వాడేవాళ్ల కాపీ వాళ్ల హోమ్‌లో, సిస్టమ్ కాపీ ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లో. పూర్తయిన అమరికను సిస్టమ్ కాపీగా పెట్టి, మొదట్లో ఛానల్ పేరున్న వరుసలో, అందరికీ లాక్, రూట్ అనే అడ్మిన్ ఖాతాకి మాత్రం అన్‌లాక్ అని రెండు గుణాలు చేరిస్తే చాలు. ఆ తర్వాత మామూలు యూజర్ హోమ్‌లో ఏమున్నా ప్యానెల్ సిస్టమ్ కాపీనే పాటిస్తుంది. ఈ ఫైల్‌ని చేత్తో దిద్దేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వెనక ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే ప్రోగ్రామ్ సెట్టింగులను మెమరీలో పట్టుకుని ఉంటుంది. లాగిన్ అయి ఉండగా హోమ్‌లోని ఫైల్ దిద్దితే ఆ మార్పును అది చూడదు, పైగా తన దగ్గరున్న పాతది మళ్లీ రాసేస్తుంది. ఆ యూజర్ లాగవుట్ అయ్యాక వేరే కన్సోల్ నుంచి దిద్దాలి, లేదా ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ కమాండ్‌తో మార్చాలి.

లాంచర్ల డెస్క్‌టాప్ ఫైళ్లు మామూలుగా యూజర్ హోమ్‌లో, ప్యానెల్ ఫోల్డర్ కింద పుడతాయి. హోమ్ తుడిచేస్తే అవీ పోతాయి, పట్టీ మీద ఖాళీ గుర్తులు మిగులుతాయి. వాటిని సిస్టమ్ అప్లికేషన్స్ ఫోల్డర్‌కి మార్చి, అక్కడి పేర్లతో లాంచర్లకు చెప్పాం.

హోమ్ ఎందుకు తుడవాలంటే, అక్కడ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నేను చూసినవి ఆధార్ స్కాన్‌లు, మార్కుల మెమోలు, ఫొటోలు, సంతకాలు. ఎవరెవరివో. ఊళ్లో వాళ్లందరి కాగితాలూ వీధిలో పడేసినట్టే అది. "పని అయిపోయింది" బటన్ పెట్టింది ఇందుకే. అది నొక్కగానే నేరుగా లాగవుట్ చేయదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాగవుట్ కమాండ్‌కి నేరుగా లాగవుట్ చేసే ఆప్షన్ ఇస్తే అడక్కుండా బయటికి పంపేస్తుంది, సగం నింపిన ఫారం పోతుంది. ముందు జెనిటీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఒక పెట్టె తెరిచి, "పని అయిపోయిందా? మీ ఫైళ్లు ఈ కంప్యూటర్‌లోంచి తుడిచేస్తాం. కావాల్సినవి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారా?" అని అడుగుతుంది. అవునంటేనే లాగవుట్. లాగవుట్ అవగానే లాగిన్ తెర నడిపే లైట్‌డీఎంలోని సెషన్ క్లీనప్ స్క్రిప్ట్ హోమ్‌ని ఖాళీ చేసి, మూసగా దాచిన కొత్త హోమ్‌ని దాని స్థానంలో పెడుతుంది. సీఎస్‌ఎస్ ఫైల్ ఆ మూసలోనే ఉంది కాబట్టి నీలం గీత ప్రతిసారీ తిరిగొస్తుంది.

నొక్కకుండా లేచిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం మేడమ్ రిజిస్టర్‌లో బయటికెళ్లే సంతకం తీసుకునేటప్పుడు ఒక మాట అడుగుతున్నారు. దానికి సాఫ్ట్‌వేర్‌లో మంచి దారి నేను చూడలేదు. కొంతసేపు కదలిక లేకపోతే లాగవుట్ చేసేద్దామా అనుకున్నాం గానీ, పుస్తకం పక్కన పెట్టుకుని నోట్స్ రాసుకునే పిల్లల తెర అలా పోవడం అన్యాయం.

ఇంకో శాఖకు తీసుకెళ్లాలంటే

పక్క మండలంలోని శాఖ వాళ్లు ఇదే అమరిక కావాలని అడిగారు. వాళ్లకు పంపే మూటలో ఉండేవి ఫాంట్‌కాన్ఫిగ్ ఫైల్, తాళం వేసిన ప్యానెల్ ఎక్స్‌ఎంఎల్, లాంచర్ ఫైళ్లు, సీఎస్‌ఎస్‌తో కూడిన మూస హోమ్, లైట్‌డీఎం స్క్రిప్ట్. ఇవన్నీ యథాతథంగా పనికొస్తాయి. సెషన్ మాత్రం, తెర మీద విండోలు గీసే పాత పద్ధతి అయిన ఎక్స్11లోనే ఉంచుకోమన్నాను. 4.20లో దానికి బదులు వస్తున్న కొత్త పద్ధతి వేల్యాండ్ మద్దతు ప్రయోగ దశలోనే ఉంది, పదిమంది వాడే చోట దాంతో ప్రయోగాలు వద్దు.

ఎత్తు అంకె 40ని మాత్రం గుడ్డిగా కాపీ చేయొద్దని గట్టిగా చెప్పాను. అక్కడి మానిటర్లు 1920×1080, వాళ్లు డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) మారిస్తే 11 పాయింట్ల అక్షరం ఎన్ని పిక్సెళ్లు తీసుకుంటుందన్నది మారిపోతుంది. ఆ నాలుగు ఖాళీ ఫైళ్లు కూడా మూటలోనే పెట్టాను. స్త్రీ శిశు సంక్షేమం, రాష్ట్ర చరిత్ర, శుక్రవారం, కర్తృత్వం. ముందు వాటిని తెరిచి, బటన్ల అడుగు భాగం చూస్తూ అక్కడి తెర మీదే రో సైజు తేల్చుకుని, ఆ అంకెను ఎక్స్‌ఎంఎల్‌లో రాసి, అన్నీ అయ్యాక తాళం వేయాలి. తాళం ముందే వేస్తే ఆ అంకె మార్చడానికి ప్రతిసారీ రూట్‌గా వెళ్లాల్సి వస్తుంది.